దండ వేయని పటం

గౌతమీ గోదావరికి ఆ ఒడ్డున కోటిపల్లి, ఈ ఒడ్డున ముక్తేశ్వరం. ముక్తేశ్వరం దాటి లోపలికి వస్తే ఐనవిల్లి. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా సుమారు 45 కిలోమీటర్ల రైలు మార్గాన్ని 1928లో వేశారు. పన్నెండేళ్లు తిరిగేసరికి, 1940లో, రెండో ప్రపంచ యుద్ధ అవసరాలకని ఆ పట్టాలను ఊడదీసి పట్టుకుపోయారు. మళ్లీ ఆ దారిలో రైలు కూత వినపడింది 2004లోనే. యూరప్‌లో రాజుకున్న యుద్ధం గోదావరి రేవు దగ్గరి ఇనుమును కూడా వదల్లేదు. ఇనుమునే వదలనిది మనుషుల్ని వదులుతుందా? ఆ యుద్ధానికి భారత సైన్యం 25 లక్షల మందికి పెరిగింది. దాదాపు 87 వేల మంది తిరిగి రాలేదు. వెళ్లినవాళ్లలో మన గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత 1947-48, 1962, 1965, 1971 యుద్ధాలు వచ్చాయి. శ్రీలంక వచ్చింది, కార్గిల్ వచ్చింది. ప్రతిసారీ ఏదో ఒక ఊరి నుంచి ఒక కుర్రాడు నల్లటి రేకు పెట్టె భుజాన వేసుకుని వెళ్లాడు. పోయిన పట్టాలను అరవై నాలుగేళ్లకైనా మళ్లీ వేసుకున్నాం. వెళ్లొచ్చిన మనుషుల సంగతి మాత్రం వాళ్ల వాళ్ల ఇళ్లలోనే ఉండిపోయింది.

కోనసీమలో చాలా ఊళ్లలో ఒక 'మిలటరీ తాతగారు' ఉంటారు. పిల్లలకు ఆయన అసలు పేరు తెలియకపోవచ్చు. పొద్దున్నే గట్టు మీద నిటారుగా నడిచి వెళ్లేది ఆయనే. పంద్రాగస్టుకు బడిలో జెండా ఎగరేసేటప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తి సెల్యూట్ చేసేదీ ఆయనే. పెన్షన్ కోసం బ్యాంకుకు, సరుకుల కోసం మిలటరీ క్యాంటీనుకు, మందుల కోసం మాజీ సైనికుల ఆసుపత్రికి వెళుతుంటారు. ఆయన కొలువులో ఉన్నన్నాళ్లూ ఇంటి నుంచి వెళ్లే ఉత్తరాలకు ఊరి పేరు ఉండేది కాదు. 56 ఎ.పి.ఓ. అనో, 99 ఎ.పి.ఓ. అనో ఒక అంకె మాత్రం ఉండేది. మంచుకొండలోనో ఎడారిలోనో ఉన్న కొడుకు ఎక్కడున్నాడో తల్లికి కూడా తెలియని రోజులవి. పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన పతకాలుంటాయి. 1965 వాళ్లకు సమర్ సేవా స్టార్, 1971లో తూర్పున పోరాడిన వాళ్లకు పూర్వీ స్టార్, పడమట పోరాడిన వాళ్లకు పశ్చిమీ స్టార్. ఏది దేనికిచ్చారో అడిగిన మనవలు ఎంతమంది? అడిగితే చెప్పే ఓపిక ఆయనకు ఇంకా ఎన్నాళ్లుంటుంది?

అలాంటి పెద్దాయనను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక చిత్రకారుడు తీరిగ్గా ఆయన బొమ్మ వేయాలి. ఆయన బతికి ఉండగా, ఆయన చూస్తుండగా వేయాలి. ఆ పటాన్ని ఆయన ఊళ్లోనే నలుగురూ తిరిగేచోట పెట్టాలి. ఈ ఉప సంపాదకీయం అడుగుతున్నది ఇంతే. చిన్న కోరికలా కనిపిస్తుంది గానీ, మన గౌరవించే పద్ధతిలో ఉన్న ఒక పెద్ద లోటును ఇది పూడుస్తుంది.

వీరుణ్ణి తలుచుకోవడం తెలుగునేలకు కొత్త కాదు. తెలుగునాట ఎన్ని ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు నిలబడి లేవు? పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పడిపోయిన వాళ్ల ఆయుధాలకు కారంపూడిలో ఇప్పటికీ ఏటా ఉత్సవం జరుగుతుంది. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఒక ప్రాంతం తన మృతవీరులను మరవకుండా ఉండడం సామాన్యమైన సంగతి కాదు. అయితే వీరగల్లును దగ్గరగా చూడండి. కత్తి ఎత్తిన చెయ్యి ఉంటుంది. పైన అతణ్ణి వీరస్వర్గానికి తీసుకుపోయే అప్సరసలుంటారు. ముఖం మాత్రం ఎవరిదైనా కావచ్చు. శిల్పి చెక్కింది మరణాన్ని, మనిషిని కాదు. పోరాడి, గాయపడి, బతికి, ఇంటికొచ్చి, మరో యాభై ఏళ్లు వ్యవసాయం చేసుకుని ముసలివాడైన సైనికుడికి ఆ రాతి మీద చోటు లేదు. పడిపోయినవాడే వీరుడు. తిరిగొచ్చినవాడు మామూలు మనిషి.

ఆ అలవాటు ఇప్పటికీ మనతోనే ఉంది. రాయి స్థానంలో కంచు, సిమెంటు, ఫైబరు వచ్చాయి. విగ్రహాలకు కోనసీమ పెట్టింది పేరు. కొత్తపేటలో శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ చేతుల మీదుగా తయారైన విగ్రహాలు ఎన్నో ఊళ్ల కూడళ్లలో నిలబడి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం గతించిన వాళ్లవే. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చిన కర్నల్ సంతోష్ బాబుకు సరిగ్గా ఏడాది తిరిగేసరికి సొంత ఊరు సూర్యాపేటలో విగ్రహం వెలిసింది. అది జరగవలసిన పనే, తెలంగాణ సమాజం దాన్ని భక్తితో చేసింది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం తర్వాత నేలకొరిగిన 25 వేల మందికి పైగా సైనికుల పేర్లు రాతిపై చెక్కి ఉన్నాయి. పరమవీర చక్ర పొందిన 21 మంది ప్రతిమలూ అక్కడ ఉన్నాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో 1971 విజయానికి గుర్తుగా ఒక స్మారకం ఉంది. దానికి దగ్గరలోనే 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియంగా నిలిచి ఉంది. టికెట్ కొనుక్కుని లోపలికెళ్లి, నావికులు పడుకున్న ఇరుకు బల్లలను వింతగా చూసి వస్తాం. ఆ బల్లల మీద పడుకున్న మనుషులు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లను చూడ్డానికి మనం ఎక్కడికి వెళుతున్నాం?

బతికున్న వీరుల దగ్గరికి మనం వెళ్లిన సందర్భాలు లేకపోలేదు. 1971 యుద్ధానికి యాభై ఏళ్లు నిండుతున్నప్పుడు, 2020 డిసెంబర్ 16న ఢిల్లీ స్మారకం దగ్గర నాలుగు విజయ జ్వాలలను వెలిగించి దేశం నాలుగు దిక్కులకూ పంపారు. పరమవీర చక్ర, మహావీర చక్ర పొందినవాళ్ల ఊళ్లకు ఆ జ్వాలలను తీసుకుపోవడం, ఆ నేలల మట్టిని సేకరించడం ఆ యాత్రలో భాగం. అందులో ఒక జ్వాల తిరుపతికి వచ్చింది. గూర్ఖా రైఫిల్స్ పటాలానికి నాయకత్వం వహించి 1971లో మహావీర చక్ర అందుకున్న మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ అప్పుడు ఉంటున్నది అక్కడే. తొంభై దాటిన ఆయన ఇంటికి 2021 ఫిబ్రవరి 18న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి స్వయంగా వెళ్లి సత్కరించారు. రాష్ట్రం ఒక వృద్ధ సైనికుడి గుమ్మం ఎక్కిన రోజది. సన్మానానికి ముసలాయన వేదిక ఎక్కవలసిన పని లేకుండా, సన్మానమే ఆయన ఇంటికి నడిచి వచ్చింది. ఇందులో గొప్ప మర్యాద ఉంది. ఈ మర్యాద మహావీర చక్ర పొందినవాళ్ల దగ్గరే ఆగిపోకూడదు. పెద్ద పతకమేదీ రాని సిపాయి, లారీ నడిపిన డ్రైవరు, వంతెన కట్టిన సాపర్, గాయాలకు కట్లు కట్టిన నర్సింగ్ అసిస్టెంట్ కూడా అదే యుద్ధం నుంచి వచ్చారు.

మామూలు సైనికుడికి మనం చేసే సత్కారం ఎలా ఉంటుంది? వేదిక మీద వరసగా కుర్చీలు వేస్తారు. శాలువా కప్పుతారు, దండ వేస్తారు, మెమెంటో చేతికిస్తారు, ఫొటో తీస్తారు. తర్వాతి పేరు పిలుస్తారు. ఇచ్చేవాళ్ల మనసులో గౌరవం ఉంటుంది, పుచ్చుకునేవాళ్లకు సంతోషమూ ఉంటుంది. కానీ ఆ కాసేపట్లో ఆయన ముఖంలోకి ఎవరైనా చూశారా? ఆయన ఎక్కడ పనిచేశారు, ఏ చలిలో నిలబడ్డారు, ఏ తోటివాణ్ణి పోగొట్టుకున్నారు అని ఎవరైనా అడిగారా? తీసిన ఫొటోలో కూడా ఆయనకంటే శాలువా కప్పుతున్నవాళ్లే ప్రముఖంగా కనిపిస్తారు.

బొమ్మ వేయడం వేరే రకం పని. చిత్రకారుడు అవతలి మనిషిని గంటల తరబడి చూడాలి. మొదటి రోజు బొగ్గుముక్కతో గీతలు గీస్తాడు. తల ఎటు వాలుతోంది, భుజాల్లో ఏది కాస్త దిగి ఉంది, కళ్లు దేని మీద నిలుస్తున్నాయి అని గమనిస్తాడు. తైలవర్ణమైతే ఒక పొర ఆరాక మరో పొర వేయాలి. అంటే మళ్లీ రావాలి, మళ్లీ కూర్చోవాలి. కిటికీ వెలుగు మారకముందే పని సాగాలి. ఎనభై ఏళ్ల ముఖం మీద చర్మం ఒకే రంగులో ఉండదు. కణతల దగ్గర ఒక రంగు, ముక్కు పక్క నీడలో మరో రంగు. ఎండలో తిరిగిన మెడ మీద ఇంకొకటి. వీటన్నిటినీ పట్టుకోవాలంటే చూపు నిలవాలి. అంతసేపు ఎదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా ఉండలేరు. ముందు వానల గురించి, కొబ్బరి ధర గురించి మాట్లాడతారు. ఆ తర్వాత ఎప్పుడో పెద్దాయన తనంతట తానే ఒక ఊరి పేరు చెబుతాడు. ఇంట్లో వాళ్లు ఎప్పుడూ వినని పేరు అది. కొన్ని సంగతులు చెప్పలేక ఆగిపోతాడు. మంచి చిత్రకారుడు తొందరపెట్టడు, బ్రష్ కదుపుతూ వింటాడు. తర్వాత పూర్తయ్యే పటం ఎంత విలువైనదో, ఆ కూర్చున్న గంటలూ అంత విలువైనవే. జీవితమంతా ఆజ్ఞ కోసం నిలబడ్డ మనిషి కోసం మరొకరు తన పని మానుకుని, రోజుల తరబడి వచ్చి, ఆయన ముఖాన్ని అర్థం చేసుకోవడానికి శ్రమపడడం ఎంత పెద్ద సన్మానం!

ప్రపంచం ఈ పని కొన్నిచోట్ల చేసింది. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన బ్రిటిష్ సైనికుల్లో ఇంకా బతికున్నవాళ్లలో పన్నెండు మంది చిత్రపటాలు వేయించాలని ఇప్పటి బ్రిటన్ రాజు చార్లెస్ యువరాజుగా ఉన్నప్పుడు సంకల్పించారు. పన్నెండు మంది చిత్రకారులకు ఆ పని అప్పగించారు. 2024లో అదే రాజును ఎర్రటి రంగుల్లో చిత్రించి లోకంలో పెద్ద చర్చకు కారణమైన జోనాథన్ యో వారిలో ఒకరు. 2015లో ఆ పటాలను బకింగ్‌హామ్ రాజప్రాసాదంలోని గ్యాలరీలో ప్రదర్శించారు. రాజులు, రాణులు, సేనాధిపతుల పటాలు వేలాడే ప్రాసాదంలోకి తొంభై ఏళ్ల మామూలు సైనికులు అడుగుపెట్టారు. పటాల్లో ఉన్నవాళ్లు పెద్దవాళ్లు, వయసు ఉడిగినవాళ్లు. సముద్రంలో దూకి ఇసుకలో పరిగెత్తిన కుర్రవాళ్లను ఆ ముఖాల్లో మనమే వెతుక్కోవాలి.

దానికి ఎంతో ముందే, 1875లో, హ్యూబర్ట్ హెర్కోమర్ అనే చిత్రకారుడు లండన్‌లోని చెల్సీ రాయల్ హాస్పిటల్ వృద్ధ సైనికులను పెద్ద కాన్వాసు మీద చిత్రించాడు. 1682లో రెండో చార్లెస్ రాజు ముసలి సైనికుల కోసం నెలకొల్పిన ఆశ్రయం అది. ఆదివారం ప్రార్థన జరుగుతోంది. ఎర్రకోట్లు వేసుకున్న వృద్ధులు బల్లల మీద వరసగా కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన కూర్చున్నచోటే ప్రాణం విడిచాడు. పక్కనున్న నేస్తం ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నాడు. ఒక్కో ముఖాన్నీ ఆ ఆశ్రయంలోని వాళ్లను చూసే వేశాడని చెబుతారు. అందుకే ఆ గుంపులో ఏ ఇద్దరి ముఖమూ ఒకలా ఉండదు. 1878 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో ఆ చిత్రానికి అత్యున్నత పురస్కారం దక్కింది. యుద్ధభూమిలో ఫిరంగుల పొగను చిత్రించినవాళ్లు ఎందరో ఉన్నారు. యుద్ధం ముగిసిన నలభై ఏళ్లకు సైనికుడు ఎలా ఉంటాడో చూపినవాళ్లు తక్కువ. హెర్కోమర్ ఆ తక్కువమందిలో ఒకడు.

మరో ఉదాహరణ మనసును ఇంకోరకంగా కదిలిస్తుంది. అమెరికా అధ్యక్షుడిగా అఫ్గానిస్తాన్, ఇరాక్ యుద్ధాలకు ఆజ్ఞ ఇచ్చిన జార్జి డబ్ల్యూ. బుష్ పదవి దిగిపోయాక చిత్రలేఖనం నేర్చుకున్నారు. ఆ యుద్ధాల్లో గాయపడిన సైనికుల ముఖాలను తానే వేశారు. 66 చిత్రాలు, నాలుగు పలకల పెద్ద చిత్రం ఒకటి కలిపి 2017లో పుస్తకంగా వెలువరించారు. ఆ యుద్ధాల న్యాయాన్యాయాల మీద ప్రపంచం ఇంకా వాదించుకుంటూనే ఉంటుంది. కానీ ఆజ్ఞ ఇచ్చిన చెయ్యే, ఆ ఆజ్ఞ మోసిన ముఖాన్ని ముడత ముడతా చూడవలసి రావడంలో ఒక న్యాయం ఉంది. దూరం నుంచి చూస్తే సైన్యం సంఖ్య. కుంచె పట్టుకుని దగ్గరికెళితే ఒక్కొక్కరే కనిపిస్తారు.

వృద్ధ సైనికుడి పటం యుద్ధాన్ని పొగడ్డం అవుతుందేమోనని కొందరికి సందేహం కలగవచ్చు. అది నిజాయితీ ఉన్న సందేహమే. సైన్యంలో చేరమని పిలిచే పోస్టరులో ఎప్పుడూ యువకుడే ఉంటాడు. దవడ బిగించి, కళ్లు మెరిపిస్తూ ఉంటాడు. ఆ బొమ్మ యుద్ధానికి ముందుది. వృద్ధుడి పటం యుద్ధానికి తర్వాతిది. చలికి దెబ్బతిన్న వేళ్లు, పేలుళ్ల పక్కన పోయిన వినికిడి, ఎవరినో తలుచుకుని తడుముకునే చూపు అందులో ఉంటాయి. ఆ ముఖం ముందు నిలబడిన పిల్లవాడు ధైర్యం అంటే ఏమిటో నేర్చుకుంటాడు, దాని ఖరీదు ఎంతో కూడా నేర్చుకుంటాడు. రెండూ తెలిసిన పౌరుడు యుద్ధం గురించి తేలిగ్గా మాట్లాడడు.

అందుకే ఆ పటంలో పెద్దాయన ఇప్పుడెలా ఉన్నారో అలాగే ఉండాలి. పాత ఫొటో చూసి యూనిఫాంలో ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి వేయడం సులువు. అలా వేస్తే మధ్యలో గడిచిన యాభై ఏళ్లను కొట్టివేసినట్టే. పంచె కట్టుకుని, ఇంటి అరుగు మీదో, కొబ్బరి తోటలో మడత కుర్చీలోనో కూర్చున్న మనిషిని వేయాలి. చొక్కా మీద పతకాలు పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వాలి. వద్దంటే ఆ నిర్ణయాన్నీ గౌరవించాలి. మరొక మాట. ఆ పటంలో ఆయన ఇల్లాలికి కూడా చోటు ఉండాలి. ఆయన సరిహద్దులో ఉన్నప్పుడు మనియార్డరు కోసం, ఉత్తరం కోసం ఎదురుచూసి, పిల్లలను ఒంటిచేత్తో పెంచి, రేడియోలో వార్త విని గుండె చిక్కబట్టుకున్న మనిషి ఆమె. ఆ సేవకు పతకం లేదు. పక్కన కూర్చోబెట్టి ఇద్దరినీ కలిపి వేస్తే, ఒక సైనిక కుటుంబం దేశానికి ఏమిచ్చిందో ఆ పటం పూర్తిగా చెబుతుంది.

దీన్ని వేయగలవాళ్లు మనకు లేరా? గోదావరి తీరం చిత్రకళకు పుట్టినిల్లు. 1897లో రాజమండ్రిలో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచికి బలైపోయిన దామెర్ల రామారావు ఇక్కడివాడే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్‌డ్రే ఆయనలోని ప్రతిభను గుర్తించి బొంబాయి జె.జె. కళాశాలకు దారి చూపాడు. దామెర్ల చిత్రాలను ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో చూడవచ్చు. మన చుట్టూ ఉన్న మామూలు మనుషులు, మన నది, మన పండుగ కూడా చిత్రానికి తగిన విషయాలేనని ఆయన వందేళ్ల కిందటే చేసి చూపాడు. అమలాపురంలో కోనసీమ చిత్రకళా పరిషత్తు పోటీలు పెడుతూ కుర్రకారు చేతికి కుంచె అందిస్తోంది. బడుల్లో డ్రాయింగ్ మాస్టార్లున్నారు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయినా, ఒకప్పుడు సైన్‌బోర్డులు, సినిమా బ్యానర్లు వేసిన చేతులు ఊళ్లలో ఇంకా ఉన్నాయి. వాళ్లలో ముఖాన్ని పట్టుకోగలిగిన నేర్పరులకు ఇది గౌరవమైన పని అవుతుంది. ఊరు ఆ పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. సేవ పేరు చెప్పి కళాకారుడి శ్రమను ఉచితంగా తీసుకుంటే ఒకరిని గౌరవించబోయి మరొకరిని చిన్నబుచ్చినవాళ్లమవుతాం.

పటం కంటే ముందు పెన్షను సరిగ్గా అందాలి, మందులు దొరకాలి అనేవాళ్లూ ఉంటారు. నూటికి నూరుపాళ్లు నిజం. ఒకే హోదాకు ఒకే పెన్షన్ కోసం మాజీ సైనికులు 2015లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి దీక్షలు చేయవలసి వచ్చింది. అలాంటి పరిస్థితి ఏ దేశానికీ గౌరవం కాదు. వాళ్లకు రావలసినవి హక్కుగా రావాలి, వాటికి ప్రభుత్వం జవాబుదారీ. పటం ఆ హక్కుకు బదులుగా ఇచ్చేది కాదు. అది ఊరు తన మనిషికి తానుగా చేసుకోవలసిన మర్యాద. హక్కు కోసం అడగడానికి కూడా, అసలు మన ఊళ్లో ఎవరు ఏ యుద్ధానికి వెళ్లొచ్చారో ఊరికి తెలిసి ఉండాలి కదా. తన ఊరి సైనికుణ్ణి ముఖం చూసి గుర్తుపట్టే జనం, ఆయన పెన్షన్ ఆగితే ఊరుకోరు.

తన సైనికులను ఊరంతా ఎరిగి ఉండడం ఎలా ఉంటుందో చూడాలంటే తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వెళ్లాలి. మిలటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న ఊరది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆ ఊరివాళ్లు పోరాడారు. తాత, తండ్రి, కొడుకు వరసగా సైన్యంలో చేరిన ఇళ్లు అక్కడ కనిపిస్తాయి. అక్కడ సైనికుడంటే వేరెవరో కాదు, ప్రతి ఇంటి మనిషీ. కోనసీమలో ఊరికి ఒకరో ఇద్దరో ఉన్నచోట ఆ ఎరుక దానంతటదే రాదు. మనమే తెచ్చుకోవాలి. సమయం కూడా ఎక్కువ లేదు. రెండో ప్రపంచ యుద్ధం చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది. 1962లో హిమాలయాల్లో చలికి వణికినవాళ్లు ఎనభై దాటారు. పదమూడు రోజుల్లో ముగిసి 93 వేల మంది శత్రుసైనికులు లొంగిపోయిన 1971 యుద్ధంలో ఇరవై ఏళ్ల కుర్రవాళ్లుగా ఉన్నవాళ్లకూ డెబ్బై దాటాయి. ఒక్కొక్కరూ వెళుతున్నప్పుడు వాళ్లతోపాటు ఎవరూ రాసిపెట్టని సంగతులు వెళ్లిపోతున్నాయి.

ముహూర్తం మన పంచాంగంలోనే ఉంది. స్వతంత్ర భారత సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప 1953 జనవరి 14న పదవీ విరమణ చేశారు. ఆ తేదీనే దేశం మాజీ సైనికుల దినంగా జరుపుకుంటోంది. అది మనకు భోగి, సంక్రాంతుల వేళ. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి కోనసీమ బిడ్డలంతా ఇల్లు చేరే రోజులవి. కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలు కదులుతాయి. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఊరేగింది ఆ ప్రభల తీర్థమే. సైనిక దళాలు కవాతు చేసిన దారిలోనే మన ప్రభలు కూడా నడిచాయి. అలాంటి పండుగ రోజుల్లో ఊరంతా ఒకచోట చేరినప్పుడు, మనవలూ మనవరాళ్లూ చుట్టూ ఉన్నప్పుడు, ఆ పెద్దాయన చేతుల మీదుగానే ఆయన పటంపై తెర తీయిస్తే ఎంత నిండుగా ఉంటుంది! డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం. ఆ రోజు పని మొదలుపెడితే సంక్రాంతికి పటం సిద్ధమవుతుంది.

ఐనవిల్లి ఈ పనికి ముందుకు రావడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఇక్కడి సిద్ధి వినాయకుడి గుడిలో ఏటా పరీక్షల ముందు లక్ష కలాలతో పూజ చేసి, ఆ కలాలను విద్యార్థులకు పంచిపెడతారు. ఏ పనికైనా తొలి పూజ అందుకునే దేవుడి ఎదుట, చదువుకునే పిల్లల చేతికి రాత సాధనం ఇవ్వడం చక్కని సంప్రదాయం. ఆ కలాలతో పిల్లలు పరీక్షలు రాస్తారు. ఒక కలాన్ని ఇంకో పనికి కూడా వాడమని పిల్లలను అడుగుదాం. చిత్రకారుడు బొమ్మ వేస్తున్నప్పుడు బడిపిల్లలిద్దరు పక్కన కూర్చుని పెద్దాయన చెప్పేది రాసుకోవాలి. పేరు, తల్లిదండ్రులు, ఏ ఏడాది చేరారు, ఏ పటాలం, ఎక్కడెక్కడ పనిచేశారు, ఇంటి నుంచి మొదటిసారి బయల్దేరిన రోజు ఎలా గడిచింది, తిరిగొచ్చాక ఏ పని చేశారు. రెండు పేజీలు చాలు. ఆ రెండు పేజీలు పటం కింద ఉండాలి. లేకపోతే ముప్పై ఏళ్ల తర్వాత ఆ ముఖం ఎవరిదో చెప్పేవాళ్లు ఊళ్లో ఉండరు. తైలవర్ణాలు తేమకు పాడవుతాయి కాబట్టి, గోదావరి గాలిలో ఉప్పు, చెమ్మ ఎక్కువ కాబట్టి, పటాన్ని గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా కట్టాలి. ఒక ఫొటో తీసి పంచాయతీలోనూ, బడిలోనూ దాచాలి.

పెద్ద ఖర్చు, పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. మాజీ సైనికుల జాబితా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో ఉంటుంది. పంచాయతీ తీర్మానం చేయాలి. గ్రంథాలయమో బడో గోడ ఇవ్వాలి. ఊరి నుంచి బయటికెళ్లి స్థిరపడ్డవాళ్లలో ఒకరిద్దరు చిత్రకారుడి పారితోషికం భరించాలి. ముందు ఒక్క ఊళ్లో, ఒక్క పెద్దాయనతో మొదలుపెట్టాలి. అందరికంటే పెద్ద వయసున్నవారిని ముందు కూర్చోబెట్టాలి. హోదా చూడకూడదు, కులం చూడకూడదు, పార్టీ చూడకూడదు. సరిహద్దులో ఎవరూ అవి చూసి కాపలా కాయలేదు.

మన ఇళ్లలో ఒక మనిషి పటం కట్టించి, దండ వేసి, కింద దీపం పెట్టామంటే ఆ మనిషి లేడని అర్థం. బతికున్నవాళ్ల పటానికి దండ వేయడానికి మన మనసు ఒప్పుకోదు. ఈ పటాలకు దండలు వద్దు. తన బొమ్మను తానే చూసుకుని, పోలిక బాగా కుదిరిందనో కుదరలేదనో చెప్పగలిగే వయసులో, వినగలిగే చెవులున్నప్పుడే, ఆ పెద్దవాళ్లకు ఊరు తన కృతజ్ఞతను చెప్పాలి. వచ్చే సంక్రాంతికి కోనసీమలో కనీసం ఒక్క ఊరైనా ఆ పని చేసి చూపిస్తే, మిగతా ఊళ్లు దాని వెనకే నడుస్తాయన్న నమ్మకం మాకుంది. ఆ మొదటి ఊరు ఐనవిల్లి కావాలి.